అత్తగారు ఎక్కిన పడవ

మా అత్తగారికీ నాకూ మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలి. గోడ గాని, తలుపు గాని, అరటిబోదె గాని. మాలో అల్లుడు అత్తను ముట్టుకోకూడదు, ముఖం చూడకూడదు, ఒకే గదిలో కూర్చోకూడదు. కూర్చుంటే ఒళ్ళు వణికే రోగం వస్తుందంటారు. ఆ జనవరిలో మా మధ్య ఒక తెల్లామె కూర్చుంది. తనను అక్కడ ఎందుకు కూర్చోబెట్టామో ఆమెకు చివరిదాకా తెలియదు.

నేను విక్టోరియా సరస్సు ఒడ్డున జమ్ములో పడవ నడుపుతాను. పూర్వం చేపలు పట్టేవాణ్ణి. ఇప్పుడు పిట్టల్ని చూడవచ్చేవాళ్ళను తిప్పుతాను. తామరాకుల మీద నడిచే పిట్టలు, లకుముకి పిట్టలు, అదృష్టం బాగుంటే నీళ్ళలో మెడదాకా మునిగి నిలబడే జమ్ము దుప్పి, అన్నీ చూస్తారు. కానీ ఎవరు వచ్చినా వాళ్ళకు అసలు కావలసింది బుల్వె అనే కొంగ. బూటంత ముక్కు, బూడిదరంగు ఒళ్ళు, మనిషి నడుము దాటిన ఎత్తు. నిలబడ్డ చోటు నుంచి కదలదు. మా తాతల కాలంలో అది ఎదురైతే కీడని ఆ రోజు వల వేసేవాళ్ళు కాదు. కర్ర విసిరి తరిమేవాళ్ళు. ఇప్పుడు అది కనిపించకపోతే మాకు పూట గడవదు.

తెల్లామె పేరు ఇంగర్. డెన్మార్కులో పడవరేవు దగ్గర టిక్కెట్లు అమ్మి రిటైరైందట. డెబ్భై దాటాయి. ఒక మోకాలు వంగదు. తన దేశపు చలికి తట్టుకోలేక మా ఊళ్ళోనే గది తీసుకుని, రోజూ పొద్దున్నే నా పడవ ఎక్కేది. మా భాషలో ఆమెకు వచ్చింది ఒక్కటే మాట, వెబాలె. మేలు చేసినవాళ్ళకు చెప్పే మాట అది. ఆమె అన్నిటికీ అదే చెప్పేది. ఆ ఏడు నీళ్ళు పెరిగి బుల్వెలు లోపలికి వెళ్ళిపోయాయి. రోజూ వెతికేవాళ్ళం. దొరికేది కాదు. సాయంత్రం రేవులో దిగి, వెబాలె అని వెళ్ళిపోయేది.

నా భార్య నల్వోగా పోయి అప్పటికి మూడేళ్ళు. రెండో కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళ ఊరు జమ్ముకు అవతల. ఆసుపత్రి మా వైపు. నొప్పులు తేడాగా ఉన్నాయని కబురొస్తే పడవ తీసుకుని వెళ్ళాను. రేవులో చాప మీద పడుకోబెట్టారు. తల అత్తగారి ఒళ్ళో ఉంది. ఎక్కించండని దూరం నుంచే కేకేశాను. అల్లుడు నడిపే పడవలో తాను కూర్చోకూడదని, కూతుర్ని వదిలి ఉండనని, కడ్డును పిలవమని అత్తగారు చెప్పి పంపింది. కడ్డు నా తోటి పడవవాడు. నడి సరస్సులో వల మీద ఉన్నాడు. అతను వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. నల్వోగాను కడ్డు పడవలో తీసుకెళ్ళారు. వెనక నా ఖాళీ పడవలో నేను వెళ్ళాను. ఇవతలి ఒడ్డు చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

అది నేను మరిచిపోలేదు.

పెద్దపిల్ల గొరెట్టి అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. అప్పుడు దానికి మూడేళ్ళు. అత్తవారింట్లోకి నేను చనువుగా పోవడానికి లేదు కాబట్టి, పిల్లను చూడడం పండగలకీ చావులకీ, అదీ వాకిట్లో నిలబడి. అది నన్ను చూసి లోపలికి పరుగెత్తేది.

ఆ క్రిస్మస్‌కి పిల్లను పంపించమని అడిగాను. ఫిబ్రవరిలో బడి తెరుస్తారు, ఒకటో తరగతిలో మా ఊళ్ళో వేస్తానన్నాను. నల్వోగా చిన్నాన్న కిగుండు ఆ ఇంటికి పెద్ద. సారా కుండ పక్కన పెట్టుకుని తీర్పు చెప్పాడు.

"చూడయ్యా ముబిరూ, పిల్ల నీ వంశానిది. అందులో ఇంకో మాట లేదు. కానీ దానికి నువ్వెవరో తెలీదు. బడి తెరిచే లోపల శనివారం శనివారం నీ పడవలో తిప్పు. ఆఖరి శనివారం నేనే వచ్చి అడుగుతా. ఉంటానంటే ఉంటుంది. ఏడిస్తే అమ్మమ్మ దగ్గరే పెరుగుతుంది. మళ్ళీ నువ్వు ఆ ఊసు ఎత్తకూడదు."

"ఆరేళ్ళ పిల్లనా మామా అడిగేది?"

"మరి ఎవర్ని అడగమంటావు, మేకనా?"

అరటిచెట్ల వెనక నుంచి అత్తగారి దగ్గు వినిపించింది. 

మొదటి శనివారం ఇంగర్‌ను ఎక్కించుకుని అవతలి రేవుకు వెళ్ళాను. చేపలు ఆరబెట్టే తడికల వెనక అత్తగారు నిలబడి ఉంది. తల మీద నుంచి బట్ట కప్పుకుని, వీపు నా వైపు తిప్పి. పిల్ల ఆమె బట్టలో ముఖం దాచుకుని ఉంది. రా అన్నాను. రాలేదు. ఇంగర్ బిస్కెట్ చూపించింది. బిస్కెట్ తీసుకుంది గానీ రాలేదు. దగ్గరికి వెళ్దామంటే అత్తగారు ఉంది. పిల్ల ఏడుపు అందుకుంది. రేవులో బట్టలుతికే ఆడవాళ్ళంతా చేతులాపి చూశారు. పడవ వెనక్కి తిప్పాను.

మా రేవులో కడ్డు వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏం బావా, ఒక్కడివే వచ్చావు? పిల్ల బుల్వెకి జడిసిందా, నీకు జడిసిందా?"

"నోర్ముయ్."

"నీకే జడిసుంటుంది. బుల్వె నవ్వదు, నువ్వూ నవ్వవు. దానికి రెక్కలన్నా ఉన్నాయి."

ఆ వారమంతా నేను కడ్డుతో మాట్లాడలేదు.

తరువాతి శనివారం మళ్ళీ అదే రేవు, అదే ఏడుపు. పడవ తిప్పబోతున్నాను. అప్పుడు అత్తగారు తడికల వెనక నుంచి బయటికి వచ్చింది. బట్ట ముఖం మీదికి లాక్కుని, నా వైపు వీపు పెట్టి, పిల్లను చంకన వేసుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ నీళ్ళలోకి దిగింది. ఉతికేవాళ్ళలో ఒకామె అయ్యో అంది. అత్తగారు ఆగలేదు. చేత్తో తడిమి పడవ అంచు పట్టుకుంది. ఎక్కి ముందు కొసన కూర్చుంది, ముఖం నీళ్ళ వైపు. పడవ ఆమె బరువుకు ఒక పక్కకు వంగి మళ్ళీ నిలబడింది.

నేను వెనక కొసన గడ పట్టుకుని నిలబడ్డాను. కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇద్దరికీ మధ్య ఇంగర్, ఆమె వెడల్పాటి గడ్డి టోపీ.

జమ్ములోకి వెళ్ళాక అత్తగారు నోరు విప్పింది.

"తెల్లమ్మా, ఈ పడవ నడిపేవాడికి చెప్పు. పిల్ల పొద్దున్నే అరటికాయ ముద్ద తింది. ఇలా ఊపితే కక్కుతుంది."

"వెబాలె," అంది ఇంగర్.

"ఇంగరమ్మా, ముందు కూర్చున్నవాళ్ళకు చెప్పు. నేను గడ పట్టడం నిన్న నేర్చుకోలేదు."

"వెబాలె, వెబాలె."

"నడిపేవాడికి పొగరు ఏమాత్రం తగ్గలేదని చెప్పమ్మా."

"ముందు కూర్చున్నవాళ్ళకు నోరూ తగ్గలేదని చెప్పమ్మా."

ఇంగర్ ఇటు తిరిగి తల ఊపింది, అటు తిరిగి తల ఊపింది. తనను ఇంత ఇదిగా పలకరిస్తున్నందుకు ఆమె ముఖం వెలిగిపోయింది. పిల్ల అమ్మమ్మ భుజం మీద నుంచి తల ఎత్తింది.

"అమ్మమ్మా, ఆమెకు మన మాటలు రావు కదా."

"రావు. అందుకే చెబుతున్నా."

పిల్ల నవ్వింది. వాళ్ళమ్మ పోయాక అది నవ్వుతుండగా చూడడం నాకు అదే మొదలు. పైపళ్ళు రెండు ఊడి ఉన్నాయి.

మధ్యాహ్నం జమ్ము నీడలో పడవ ఆపాను. అత్తగారు అరటాకు పొట్లం ఒకటి తీసి, వెనక్కి చూడకుండా ఇంగర్ పక్కన పెట్టింది. ఆవిరి మీద ఉడికిన అరటికాయ ముద్ద, మీద వేరుశనగ పులుసు. వాసన నా దాకా వచ్చింది. ఇంగర్ నా వైపు జరపాలి. ఆమె పొట్లం విప్పి, సంతోషపడి, అడుగున అంటిన పులుసు కూడా వేలితో తీసుకుని తిన్నది. ఆకు మడిచి వెబాలె అంది.

అత్తగారి భుజాలు కదిలాయి. నవ్విందో, దగ్గిందో.

మరుసటి శనివారం రెండు పొట్లాలు వచ్చాయి. రెండోదాన్ని అత్తగారు కర్రతో ఇంగర్ కాళ్ళ కింద నుంచి నా వైపు తోసింది. మూడేళ్ళ తరువాత ఆ ఇంటి వంట తిన్నాను. నల్వోగా పులుసులో ఎండుచేప ఎక్కువ వేసేది. ఇందులోనూ అంతే వేశారు. 

ఆ రోజు ఎండ బాగా కాసింది. బుల్వె జాడ లేదు. పిల్ల అమ్మమ్మ ఒళ్ళో నిద్రపోయింది. ఇంగర్ దుర్భిణి ఒళ్ళో పెట్టుకుని జమ్ము కుచ్చులను చూస్తూ ఉంది. అత్తగారు నీళ్ళతో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"ఇంగరమ్మా, నీకో మాట చెబుతా విను. నాకొక కూతురు ఉండేది. దాన్ని రేవులో పడుకోబెట్టి, పడవ ఎక్కనన్నాను. ఎక్కితే దానికి కీడని భయపడ్డాను. మా అమ్మ అలాగే చెప్పింది, వాళ్ళమ్మ ఆవిడకు అలాగే చెప్పింది. ఎక్కితే పోతుందనుకున్నా. ఎక్కలేదు. అయినా పోయింది."

నేను గడ నీళ్ళలో దింపి పట్టుకుని ఉన్నాను.

"కూతురు పోయినప్పుడు కీడు ఎక్కడిదని వెతికాను తల్లీ. దొరకలేదు. దీని విషయంలో మాత్రం నేను ఒడ్డున కూర్చోను. వణుకుడు వస్తే రానీ. ఎన్నాళ్ళు వణుకుతా?"

ఇంగర్ టోపీ తీసింది. ఈసారి వెబాలె అనలేదు. ఆమెకు ఏం తెలిసిందో మరి.

నేను ఏదో ఒకటి అనాలి. ఎండపూట ఆ రేవులో ఎంతసేపు నిలబడ్డానో అనాలి. ఆ ఖాళీ పడవ గురించి అనాలి. మూడేళ్ళుగా కూర్చి పెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి.

"ఇంగరమ్మా, గాలి తిరిగింది. ఇక వెనక్కి పోవాలని చెప్పు," అన్నాను.

అత్తగారు పిల్ల మీద ఎండ పడకుండా తన బట్ట కొంగు లాగి కప్పింది. 

బుల్వె ఆ తరువాతి వారం కనిపించింది.

మొదట ఇంగర్ చూసింది. నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. పడవకు వెనక పక్కన, జమ్ము విడిపోయిన చోట అది నిలబడి ఉంది. మా వైపే చూస్తోంది, ఏమీ పట్టనట్టు. గడ మెల్లగా బురదలో దించాను. ఇంగర్ వంగని కాలు పక్కకు చాచి, దుర్భిణి ఎత్తింది. ఆమె ఊపిరి కూడా వినిపించలేదు.

ముందు కొస నుంచి పిల్లకు కనిపించడం లేదు. జమ్ము అడ్డం. కాసేపు మునివేళ్ళ మీద లేచింది. తరువాత అమ్మమ్మ చెయ్యి విడిపించుకుని, పడవ అడుగున పాకుతూ ఇంగర్ కాళ్ళు దాటి నా దగ్గరికి వచ్చింది. నా చొక్కా అంచు లాగింది.

"ఎత్తుకో," అంది గుసగుసగా.

ఎత్తుకుని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాను. రెండు చెవులూ పట్టుకుంది. కాళ్ళ నిండా బురద.

"అదెందుకు కదలదు?"

"కదిలితే చేప పారిపోతుంది."

"అయితే నువ్వూ కదలకు."

కదలలేదు. ఎండ మెడ మీద కాలుతోంది. చెవులు నొప్పి పుడుతున్నాయి. చాలాసేపటికి బుల్వె ముందుకు పడింది. పడిందనే అనుకోవాలి, రెక్కలూ ముక్కూ అన్నీ ఒక్కసారే నీళ్ళలోకి. లేచేసరికి ముక్కు నిండా గడ్డి, మధ్యలో బురద చేప మెలికలు తిరుగుతోంది. గడ్డిని మెల్లగా పక్కలకు వదిలేసి, చేపను మింగింది.

"అది మాంబ చేప కదా," అంది పిల్ల.

"అవును."

"మనం తినం కదా."

ఆ చేప మా వంశం గుర్తు. మా వంశం వాళ్ళు ముట్టరు. ఎవరు నేర్పారో దానికి.

"తినం," అన్నాను.

"మామయ్య తింటాడు," అంది. నల్వోగా తమ్ముడి సంగతి అది.

"మామయ్య వంశం వేరు. మనది వేరు."

"అమ్మమ్మ చెప్పింది," అంది. "మీ నాన్న తినడు, నువ్వూ తినకూడదని. ఒకసారి మామయ్య పెడితే అమ్మమ్మ నా నోట్లో నుంచి లాగేసింది. మామయ్యను తిట్టింది."

నేను ముందు కొస వైపు చూశాను. అత్తగారు వీపు తిప్పి నీళ్ళ వైపే కూర్చుని ఉంది. బుల్వె వైపు ఆమె ఒక్కసారి కూడా తిరగలేదు. తిరిగితే నేను కనిపిస్తాను.

ఇంగర్ దుర్భిణి దించింది. కళ్ళ కింద తడి. ఇన్ని వారాలు వెతికిన పిట్ట ఇంకా అక్కడే ఉండగా, దుర్భిణి మెడలో నుంచి తీసి పిల్లకు ఇచ్చింది. పిల్ల కిందికి దిగి, దుర్భిణి పెట్టుకుని పిట్టను చూసింది, తరువాత నా వైపు తిప్పింది.

"నీ ముక్కు దాని ముక్కంత ఉంది."

ముందు కొస నుంచి అత్తగారు పైకే నవ్వింది. బుల్వె రెక్కలు విప్పి లేచిపోయింది.

"ఇంగరమ్మా, క్షమించమ్మా, నీ పిట్టను లేపేశాను," అంది అత్తగారు.

"వెబాలె," అంది ఇంగర్.

ఇంగర్ తన దేశం వెళ్ళిపోయింది. ఆఖరి శనివారం ఆమె చోట కిగుండు మామ కూర్చున్నాడు. ఇద్దరికీ మధ్య గోడలా విశాలంగా కూర్చుని, దారంతా నా పడవకు తారు సరిగ్గా పూయలేదని వంకలు పెట్టాడు. ఈసారి మా రేవుకు వచ్చాం. గొరెట్టి బట్టల మూట అత్తగారి ఒళ్ళో ఉంది. చిన్న మూట. ఎటు తిరిగినా పనికొస్తుందని తెచ్చి ఉంటుంది.

రేవులో కడ్డు, అతని భార్య, మరో నలుగురు చేరారు. కిగుండు మామ బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. అత్తగారు అటు తిరిగి నిలబడింది. పిల్లను మధ్యలో నిలబెట్టారు.

"ఏమే గొరెట్టీ, ఇక్కడుంటావా, అమ్మమ్మతో వస్తావా?"

పిల్ల నన్ను చూసింది, అమ్మమ్మ వీపును చూసింది. కాలి బొటనవేలితో ఇసుక గీరింది. దాని కింది పెదవి బిగుసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఉంటే, శనివారం బుల్వె దగ్గరికి అమ్మమ్మ వస్తుందా?"

"అది నన్నడిగితే ఏం లాభం? పడవ నాదా?" అన్నాడు కిగుండు మామ. నా వైపు చూశాడు. అందరూ చూశారు. అత్తగారి వీపు మాత్రం కదలలేదు.

పొద్దున్నే రేవుకు పోయి ఆమెను ఎక్కించుకోవాలి. వారం వారం. మధ్యలో ఇంగర్ ఉండదు.

"ముందు కొస ఖాళీగానే ఉంటుంది కదా," అన్నాను కిగుండు మామతో.

"ఉంటుందట," అన్నాడు మామ పిల్లతో.

"అయితే ఉంటా."

కడ్డు భార్య పిల్ల చెయ్యి పట్టుకుంది. అత్తగారు బట్టల మూటను ఇసుక మీద పెట్టి, ముడి సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసింది. పిల్లను దగ్గరికి తీసుకోలేదు. తీసుకుంటే వదలలేనని తెలుసు కాబోలు. వెనక్కి వెనక్కి నడిచి పడవ ఎక్కింది. కిగుండు మామ రేవులో ఎవరో తెచ్చిన సారా కుండ చూసి ఇక కదలనన్నాడు. కడ్డు నా వైపు నడవబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. అతను ఆమెను దింపుతాననలేదు, నేను దింపమనలేదు.

పడవ తోశాను. ఇద్దరమే.

మా రేవు నుంచి జమ్ము మొదలయ్యేదాకా అడ్డం లేని నీళ్ళు. నేను వెనక కొసన నిలబడి గడ వేస్తున్నాను. ఆమె ముందు కొసన వీపు తిప్పి కూర్చుంది. కొంతదూరం పోయాక రెండు కాళ్ళూ ఎత్తి, కూర్చున్న పలకకు ఇవతల వేసి, నా వైపు తిరిగింది. ముఖం మీది బట్ట తీసేసింది.

నీళ్ళ వైపు చూడాలి నేను. చూడలేదు.

పెళ్ళైన నాటి నుంచీ ఆ ముఖం నేరుగా చూసింది లేదు. కనుబొమల మధ్య అదే మడత. ఒక చెంప మీదే పడే అదే సొట్ట. నల్వోగా బతికి ముసలిదై ఉంటే ఎలా ఉండేదో నా ఎదురుగా కూర్చుని ఉంది.

నేను ఆమెను క్షమించలేదు. ఇప్పటికీ లేదు. అది వేరు.

ఆమె తల పక్కకు వంచింది. మళ్ళీ ఇంకో పక్కకు వంచింది. కళ్ళు నా మీద లేవు. నా నడుము పక్క నుంచి వెనక్కి చూడబోతోంది. రేవులో పిల్ల ఇంకా నిలబడి ఉన్నట్టుంది. నేను నిలబడి ఉంటే ఆమెకు కనిపించదు.

గడ పడవలో పెట్టేశాను. కూర్చుని తెడ్డు తీసుకున్నాను. కూర్చుని తెడ్డు వేస్తే పడవ చాలా నెమ్మదిగా పోతుంది.

పోనిచ్చాను.